లిస్బన్‌లో టైలు మీద కుంచె పట్టిన కథ

లిస్బన్‌లో టైల్ పెయింటింగ్ క్లాసులు రెండు రకాలు. టూరిస్టుల కోసం పెట్టేవి రెండు మూడు గంటల్లో అయిపోతాయి. ఒక తెల్ల టైలు చేతికిస్తారు, దాని మీదికి ఒక డిజైను దించుకోమంటారు, రంగులు వేసి వచ్చేస్తే కాల్చి తర్వాత ఇస్తారు. ఊళ్ళో నాలుగు రోజులుండి వెళ్ళేవాళ్ళకి అదే మేలు, తీసిపారేయాల్సిన పనేం లేదు. రెండోది, వారానికోసారి స్టూడియోకి వెళ్ళి నింపాదిగా నేర్చుకునేది. అక్కడికి వచ్చేది ఎక్కువగా ఆ ఊరివాళ్ళే. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, తమ ఇంటి గోడకి తమ చేత్తో వేసింది ఏదో ఒకటి ఉండాలనుకునేవాళ్ళు. మావారి ఆఫీసు పని మీద మేం లిస్బన్‌లో ఉన్న రోజుల్లో నేను చేరింది ఈ రెండోదాంట్లో.

పోర్చుగల్‌లో ఈ టైల్స్‌ని అజులేజు అంటారు. చేరుతున్నానని ఫోన్లో చెప్తే మా అక్క, "బాత్రూమ్ టైల్సా? వాటికి క్లాసులెందుకే?" అంది. అక్కని అనడానికి లేదు. మనకి టైలంటే బాత్రూము, వంటింటి గట్టు, మహా అయితే గేటు పక్కన వేంకటేశ్వరస్వామి. అక్కడ మాత్రం ఇంటి బయటి గోడ మొత్తం టైలే. చర్చి లోపల నేల నుంచి పైకప్పు దాకా టైలే. ఆస్పత్రి మెట్ల పక్కన, బడి వరండాలో, పార్కు బెంచీకి కూడా టైలే. మేమున్న వీధిలో పక్కపక్కన ఇళ్ళు దేని డిజైను దానిదే, ఒకదానితో ఒకటి మాట్లాడుకోనట్టు ఉంటాయి. అయినా వీధి చివర నిలబడి చూస్తే ఏదీ ఎబ్బెట్టుగా కనబడదు.

మొదటి రోజు కుంచె ఇస్తారనుకుని వెళ్ళినవాళ్ళకి బకెట్ చూపించారు. మా టీచరు అరవై దాటిన ఆవిడ. ఏళ్ళ తరబడి టైల్స్ ఫ్యాక్టరీలో బొమ్మలు వేసి, ఇప్పుడు ఇంటి కింది భాగాన్నే స్టూడియో చేసుకున్నారు. ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు గానీ చేతిలో పనున్నప్పుడు మాట పోర్చుగీసులోకి జారిపోతుంది. మిగిలింది చేతుల్ని చూసి అర్థం చేసుకోవాల్సిందే.

ఒకసారి కాల్చిన మట్టిపలక, సుమారు 14 సెంటీమీటర్ల చదరం. దాని మీద గ్లేజు పోయాలి. గ్లేజంటే గాజుగా మారే పదార్థాల్ని మెత్తగా నూరి నీళ్ళలో కలిపింది. అడుగు మట్టి కనబడకుండా తెల్లగా రావడానికి పూర్వం నుంచీ అందులో తగరం ఆక్సైడు వేస్తారు. పలకని కాస్త వాల్చి పట్టుకుని, చెంబుతో పై అంచు నుంచి ఒకే ధారగా పోయాలి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ గీత పడుతుంది. పోసిన కాసేపట్లోనే పలక నీళ్ళు పీల్చేసి తడి మెరుపు పోతుంది, పొడిపొడిగా తెల్లటి పూత మిగులుతుంది. మూలన సూదితో గీరి మందం చూసుకోవాలి. మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటే సరే. అంచుల మీద కారింది స్పాంజితో తుడవాలి, లేకపోతే కాల్చినప్పుడు బట్టీ అరకి అతుక్కుపోతుంది. నీళ్ళు ఇంకాక దాన్ని పట్టుకోవడం ఒక్క అంచుల దగ్గరే. వేలు తగిలిందా, వేలిముద్ర అక్కడే ఉంటుంది.

ఆ పూట అదే పని. చివర్లో హోంవర్కు ఇచ్చారు. లిస్బన్ దగ్గర్లోని సింత్రా అనే ఊరు వెళ్ళి రాజభవనం గోడలు చూసి రమ్మన్నారు.

సింత్రా అంటే టూరిస్టులందరూ కొండ మీది రంగురంగుల పేనా ప్యాలెస్‌కే పరిగెడతారు. టీచరు చెప్పింది అది కాదు, ఊరి మధ్యలో, 33 మీటర్ల ఎత్తున్న రెండు తెల్లటి చిమ్నీలతో కనబడే పాత రాజభవనం. నాకైతే పేనా కన్నా ఇదే నచ్చింది, పైగా జనం తక్కువ. 16వ శతాబ్దం మొదట్లో మనుయెల్ రాజు స్పెయిన్‌లోని సెవిల్లె నుంచి తెప్పించిన టైల్స్ ఇక్కడ గదుల నిండా ఉన్నాయి. ఆకుపచ్చ, నీలం, తేనెరంగు, గోధుమరంగు, అన్నీ లెక్కకట్టి గీసినట్టున్న ఆకారాలు. మనుషులు, కథలు ఉండవు. ఎందుకుండవో కిటికీలోంచి పక్కవాటుగా వెలుతురు పడ్డప్పుడు అర్థమైంది. ఒక్కో రంగు చుట్టూ సన్నటి గట్టు ఉంది. గ్లేజు కరిగినప్పుడు ఒక రంగు పక్కదాంట్లోకి పారకుండా కట్టిన గట్టు అది. ఇంకో పద్ధతిలో గట్టుకి బదులు నూనె కలిపిన నల్లగీత గీసేవారు. గట్టు కట్టి పని చేసేటప్పుడు చుక్కలు, నక్షత్రాలు, అల్లికలు వేయొచ్చు గానీ ఒక మొహం వేయడం కుదరదు.

16వ శతాబ్దం సగం దాటాక ఇటలీ, ఫ్లాండర్స్ వైపు కుమ్మరుల పద్ధతి ఇక్కడికి వచ్చింది. తగరం కలిపిన తెల్ల గ్లేజు పొడిగా ఉండగానే దాని మీద నేరుగా బొమ్మ వేసి కాల్చడం. రంగు గ్లేజులోకి ఇంకి అక్కడే నిలబడిపోతుంది, పక్కకి పారదు. గట్టు అవసరం పోయింది. గోడకి కథ చెప్పే వీలొచ్చింది. మేం పోసిన బకెట్ గ్లేజు చేసే పని అదన్నమాట.

తర్వాత డిజైను. ఎవరికి కావలసింది వాళ్ళు తెచ్చుకోవాలి. నాలుగు టైల్స్ కలిస్తే ఒక బొమ్మ. నాది వెతుక్కోవడానికి జాతీయ అజులేజు మ్యూజియానికి వెళ్ళాను. అది 1509లో లియొనోర్ రాణి కట్టించిన మాద్రె ద దేవుష్ కాన్వెంటు, అంటే సన్యాసినుల మఠం. చర్చి లోపల పైన బంగారు పూత కొయ్యపని, కింద హాలెండ్ నుంచి తెప్పించిన నీలి టైల్స్. జనం అందరూ వెతుక్కుంటూ పోయేది పై అంతస్తులో ఉన్న లిస్బన్ నగర చిత్రం కోసం. దాదాపు 23 మీటర్ల పొడవు, 1700 ప్రాంతంలో వేసింది. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం నేలమట్టం చేసిన రాజభవనం, రేవు, చర్చిలు, సంత, పడవలు అన్నీ అందులో ఉన్నాయి. నిజంగానే చూసి తీరాల్సింది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం వేరే చోట. 17వ శతాబ్దంలో చర్చిల్లో పూజపీఠం ముందువైపు ఖరీదైన బట్ట కప్పేవారు. బట్ట చివికిపోతుంది, కొవ్వొత్తి అంటుకుంటే కాలిపోతుంది. అందుకని ఆ బట్టనే టైల్స్ మీద బొమ్మగా వేసి పెట్టారు. అంచు కుచ్చులతో సహా. ఆ బట్ట ఏ బట్టనుకున్నారు? ఇండియా నుంచి ఓడల్లో వెళ్ళిన పూలబట్ట. మెలికలు తిరిగిన కొమ్మలు, ఒకే కొమ్మకి నాలుగైదు రకాల పూలు, వాటి మధ్య నెమళ్ళు, పిట్టలు. అప్పట్లో యూరప్ రేవులకి చేరిన ఇండియా బట్టల్లో కోరమాండల్ తీరం కలంకారీలూ ఉండేవి. బందరులో పుట్టినదాన్ని, ఆ కొమ్మల మెలిక ఎక్కడిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడికక్కడే ఒక పిట్టని, అది కూర్చున్న కొమ్మని స్కెచ్చు వేసుకొచ్చాను. టీచరు చూసి, "తోక ఎక్కువ పొడుగైంది, కానివ్వండి, నాలుగో టైలుకి పని ఉంటుంది" అన్నారు.

డిజైను దించే పద్ధతి చూడగానే నవ్వొచ్చింది. ట్రేసింగ్ పేపరు మీద బొమ్మ గీసి, గీత పొడుగునా సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడవాలి. కాగితాన్ని పలక మీద పరిచి, బొగ్గుపొడి కట్టిన చిన్న గుడ్డమూటతో మెల్లగా తట్టాలి. ఆ మూటని బొనెకా అంటారు. కాగితం ఎత్తితే తెల్ల గ్లేజు మీద నల్ల చుక్కల్లో బొమ్మ. మన దగ్గర మగ్గం వర్క్ చేసేవాళ్ళు బ్లౌజు మీద డిజైను దించేది అచ్చం ఇలాగే, కాకపోతే వాళ్ళు కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దుతారు. ఇక్కడ రుద్దకూడదు, తట్టాలి. రుద్దితే గ్లేజు లేచిపోతుంది. ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, కలంకారీ వేసేవాళ్ళు కూడా చిల్లుల కాగితం మీద బొగ్గుపొడి అద్ది బట్టకి బొమ్మ దించేవారని 18వ శతాబ్దంలో కోరమాండల్‌లో ఉన్న ఫ్రెంచివాళ్ళు రాసిపెట్టారు. బొగ్గుతో ఇంకో సుఖం ఉంది. కాల్చినప్పుడు అది బూడిదై పోతుంది, టైలు మీద ఆనవాలు మిగలదు.

చిల్లులు పొడిచేందుకు ఒక క్లాసు మొత్తం పట్టింది. అది నవంబరు. 11న సావ్ మార్టిన్యు పండగ. ఆ రోజు పోర్చుగల్లో కాల్చిన చెస్ట్‌నట్లు తినాలి, కొత్త వైను తాగాలి. క్లాసులో ఒకావిడ ఇంటి నుంచి ఉప్పు వేసి కాల్చిన చెస్ట్‌నట్లు న్యూస్‌పేపర్లో చుట్టుకొచ్చారు. అందరి వేళ్ళకీ బొగ్గే. ఎవరూ కడుక్కోలేదు. కబుర్లన్నీ పిల్లల ఉద్యోగాలు, ఇంటి అద్దెలు, ఎవరి ఊళ్ళో ఏ చర్చి పైకప్పు కారుతోంది. వైను వద్దన్నందుకు నాకు ఒక చిన్న కప్పులో కాఫీ ఇచ్చారు. లిస్బన్‌వాళ్ళు దాన్ని బీకా అంటారు, రెండు గుక్కలుంటుంది, రాత్రి నిద్ర పట్టదు.

ఇక కుంచె. ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదో మొదటి గీతకే తెలిసిపోయింది. పొడి గ్లేజు తడి దేన్నైనా తక్షణం పీల్చేస్తుంది. కాగితం మీదైతే కుంచె జారుతుంది, ఆగి ఆలోచించి మళ్ళీ సాగదీయొచ్చు. ఇక్కడ ఆగిన చోట మచ్చ. వెనక్కి వెళ్తే రెండు పొరలు, కాలాక అది ముదురు నీలంగా బయటపడుతుంది. నీళ్ళు తక్కువైతే కుంచె వెంట్రుకలు గ్లేజుని పొడిపొడిగా ఈడ్చుకెళ్తాయి. చెరపడమనేది లేదు. మరీ పాడైతే పలక మొత్తం కడిగేసి, ఆరబెట్టి, మళ్ళీ గ్లేజు పోసి, మళ్ళీ బొగ్గు తట్టి మొదటికి రావాలి. దానికి ఎవరూ సిగ్గుపడరు, స్టూడియోలో ఒక అర నిండా కడిగి ఆరబెట్టిన పలకలే.

రంగు కూడా సహకరించదు. నీలానికి వాడేది కోబాల్ట్. మేం వాడిన పొడి నీళ్ళలో కలిపితే నల్లటి బూడిదరంగులో ఉంది, నీలం జాడే లేదు. లేత నీలం ఎంత లేతగా వస్తుందో, ముదురు ఎంత ముదురుగా వస్తుందో కళ్ళతో చూసి చెప్పే వీల్లేదు. అందుకని ముందే ఒక విరిగిన పలక మీద పలచన నుంచి చిక్కన దాకా వరసగా పట్టీలు వేసి కాల్చి పెట్టుకుంటారు. ఒక్కో పట్టీ కింద ఎన్ని చుక్కల నీళ్ళో రాసి ఉంటుంది. కుంచె ముంచేముందు ఆ పలక వైపు చూడాలి. పాత రంగుల డబ్బాలో మిగిలినవి కూడా ఇలాంటి పొడులే, ఆకుపచ్చకి రాగి, వంకాయరంగుకి మాంగనీసు, పసుపుకి ఆంటిమొనీ. మాకు నీలం ఒక్కటే ఇచ్చారు. "ఒక రంగుతో వెలుగూ నీడా తీసుకురండి, తర్వాత చూద్దాం."

వేసే వరస ఇది. ముందు బాగా పలచన నీలంతో నీడలు. అవి ఆరాక మధ్యరకం. చివర్లో చిక్కటి రంగుతో సన్నకుంచె పట్టి గీతలు. నాలుగు పలకల్నీ పక్కపక్కన ఆనించి పెట్టి వేయాలి, పలక దాటేటప్పుడు చెయ్యి ఆపకూడదు. మొదలుపెట్టేముందే ఒక్కో పలక వెనక వరసకి అక్షరం, నిలువుకి అంకె వేసుకోవాలి. నాలుగింటికి ఎందుకండీ అన్నాను. అలవాటు కావాలన్నారు. వేల పలకల గోడకి అదొక్కటే ఆధారం. ఆ మాట విన్నాక పాత గోడల్లో తప్పు చోట అతికించిన పలకలు కళ్ళకి ఆనడం మొదలైంది. ఎప్పుడో పీకి మళ్ళీ పెట్టినప్పుడు ఒక దేవదూత మోకాలు మబ్బుల్లోకి పోయి ఉంటుంది, ఒక గుర్రానికి ఆకుల కాలు మొలిచి ఉంటుంది. లిస్బన్ వెళ్ళేవాళ్ళు పిల్లలకి ఈ వేట అప్పజెప్పండి, చర్చిల్లో విసుగు పుట్టదు.

కుంచె పట్టాక గోడలు చూసే తీరే వేరు. సావ్ విసెంత్ ద ఫోరా మఠంలో ఫ్రెంచి కవి ల ఫాంతేన్ నీతికథల టైల్ ప్యానెళ్ళు 38 ఉన్నాయి. నక్క, కొంగ, కాకి, సింహం. ఇదివరకైతే కథ గుర్తుపట్టి ముందుకి నడిచేదాన్నేమో. ఇప్పుడు కాకి రెక్క దగ్గర ఆగాను. రెక్క మొత్తం మూడంటే మూడు నీలాలు, ఒక్కో ఈక ఒకే విసురులో, ఎక్కడా రెండోసారి కుంచె తగల్లేదు. పక్కనే చెట్టు ఆకులు చూస్తే వేరే చెయ్యి, తొందర, ఒకే ముద్ర పదే పదే. ఆ కాలపు పనిశాలల్లో గురువు మొహాలు, ముఖ్యమైన బొమ్మలు వేస్తే శిష్యులు అంచులు, ఆకులు నింపేవారు. చాలా దృశ్యాలకి మూలం యూరప్‌లో అచ్చయిన చిత్రాలే. చేత్తో ఎక్కించుకున్నప్పుడు గోడకి తగ్గట్టు సాగదీసేవారు, కుదించేవారు.

ఈ నీలం-తెలుపు పిచ్చి మొదలైంది 17వ శతాబ్దం చివర్లో. చైనా పింగాణీ మీద మోజు, దాన్ని చూసి హాలెండ్‌వాళ్ళు చేసిన నీలి టైల్స్ మీద మోజు. డచ్చివాళ్ళకి పెద్దపెద్ద ఆర్డర్లు వెళ్ళాయి. దాంతో ఇక్కడి చిత్రకారులు పట్టుదలకి పోయి, 18వ శతాబ్దం మొదటి సగంలో వాళ్ళని మించిపోయారు. బ్రెజిల్ బంగారం వచ్చిపడుతున్న రోజులు కాబట్టి డబ్బుకీ లోటు లేదు. భూకంపం తర్వాత ఊరు మళ్ళీ త్వరగా, చౌకగా కట్టుకోవాలి కదా, అప్పుడు పెద్ద కథల ప్యానెళ్ళు తగ్గి, తిరిగి తిరిగి వచ్చే డిజైను టైల్స్ పెరిగాయి. ఇళ్ళ ముందు గోడల మీద అగ్ని నుంచి, భూకంపం నుంచి కాపాడమని సెయింట్ల చిన్న ప్యానెళ్ళు పెట్టుకోవడమూ ఎక్కువైంది. లిస్బన్ పాతపేట అల్ఫామాలో నడిస్తే ఇప్పటికీ తలుపుల పైన గోడ మీద కనబడతాయి. మొత్తం ఇంటిముఖానికే టైల్స్ తొడగడం మాత్రం 19వ శతాబ్దపు పని. ఇంతెండెంత్ చౌరస్తాలో వియువా లమెగు ఫ్యాక్టరీ పాత భవనం ముందుభాగం దానికి మంచి ఉదాహరణ, ఆ కంపెనీ 1849 నాటిది. టైల్ తొడిగిన గోడకి వాన భయం తక్కువ, సున్నం ఖర్చు లేదు. శత్రువు ఉప్పు. గోడలో చెమ్మతో పాటు పైకొచ్చి, ఆరినప్పుడు గడ్డకట్టి, గ్లేజుని పెచ్చులుగా పైకి తోసేస్తుంది. సముద్రం పక్క వీధుల్లో చూడండి, పలక కింది సగం తెల్లబోయి ఉంటుంది.

టైల్ పాతకాలపు సంగతే అనుకోకండి. లిస్బన్ మెట్రో 1959లో మొదలైనప్పుడు స్టేషన్ల గోడలకి మరియా కైల్ అనే చిత్రకారిణి టైల్ డిజైన్లు చేశారు. ఆ పాత స్టేషన్లలో దిగి, రైలు వెళ్ళిపోయాక, రెండు నిమిషాలు గోడ చూస్తే చాలు, టికెట్ డబ్బులు గిట్టుబాటు. 1998లో తెరిచిన ఓరియెంత్ స్టేషన్‌లో వేరువేరు దేశాల చిత్రకారుల టైల్ ప్యానెళ్ళున్నాయి, మన సయ్యద్ హైదర్ రజాది కూడా ఒకటి.

ఇక్కడ ఒక హెచ్చరిక. సావ్ విసెంత్ మఠం వెనకే మంగళ, శనివారాల్లో ఫైరా ద లాడ్రా అనే పాతసామాన్ల సంత జరుగుతుంది. దుప్పట్లు పరిచి, వాటి మీద పాత అజులేజులు పేర్చి అమ్ముతుంటారు. చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. క్లాసులో ఒకబ్బాయి ఒకటి కొనుక్కొచ్చి చూపించాడు. టీచరు దాన్ని తిప్పి వెనక చూశారు. ఇంకా సున్నం అంటుకునే ఉంది, విరిగిన గారతో సహా. "ఇది ఎవరి గోడో" అన్నారు, అంతే, ఆ పూట ఆవిడ మూడ్ పాడైంది. ఖాళీ ఇళ్ళ గోడల్లోంచి టైల్స్ పీక్కుపోవడం లిస్బన్‌కి పెద్ద బెడద. 2007లో జ్యుడీషియల్ పోలీసుల మ్యూజియమే దీని మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 2017లో దేశమంతటా ఇంటిముఖాల టైల్స్ తీసేయడాన్ని, టైల్ ఉన్న ముఖాల్ని కూల్చడాన్ని కట్టడి చేస్తూ చట్టం వచ్చింది. అదే ఏడాది మే 6ని జాతీయ అజులేజు దినంగా ప్రకటించారు. సంతలో ఉన్నవన్నీ దొంగసొత్తని కాదు. ఏది అవునో ఏది కాదో మనకి తెలిసే దారి లేదు. కొత్తవి కొనుక్కోండి. 1741 నుంచి నడుస్తున్న సాంతాన ఫ్యాక్టరీ లాంటిచోట ఇప్పటికీ చేత్తో వేసినవే అమ్ముతారు. ధర ఎక్కువే. నేను ఒక పిట్ట వేయడానికి పడ్డ పాట్లు తెలిశాక ఆ ధర ఎక్కువనిపించలేదు.

మా పలకలు బట్టీకి వెళ్ళిన వారం మేం పోర్టో వెళ్ళాం. సావ్ బెంతు స్టేషన్ హాల్లో జోర్జ్ కొలాసు వేసిన ఇరవై వేల పలకలు. 1415లో పోర్చుగీసువాళ్ళు ఉత్తర ఆఫ్రికాలోని స్యూటా రేవుని పట్టుకోవడం, జువావ్ రాజు తన పెళ్ళికూతురితో ఊళ్ళోకి రావడం, పైన వరసలో రవాణా బళ్ళ చరిత్ర రంగుల్లో. సూట్‌కేసులు లాక్కుంటూ జనం వాటి కిందనుంచి పోతుంటారు, ఎవరూ తలెత్తరు. నా మటుకు నాకు కొలాసు గుర్రాలు కాస్త ఆర్భాటంగా అనిపించాయి. ఆయన వేసిన పొలం పనుల దృశ్యాలు, ద్రాక్షకోత, సంత, ఆ స్టేషన్లోనే ఉన్నాయి, అవి చాలా బాగున్నాయి. మనవాళ్ళు ఆయన్ని చూడ్డానికి పోర్టో దాకా పోనక్కర్లేదు. గోవాలో పణజీ వెళ్ళినప్పుడు ఇన్‌స్టిట్యూట్ మెనెజెస్ బ్రగాన్సా ప్రవేశ హాల్లోకి తొంగిచూడండి. పోర్చుగీసు మహాకవి కమొయిన్ష్ కావ్యంలోని దృశ్యాలు ఆ గోడల మీద నీలంలో వేసింది ఆయనే.

బట్టీ సంగతి. ఉష్ణోగ్రత 1000 డిగ్రీల దగ్గరికి మెల్లగా ఎక్కాలి, అంతకన్నా మెల్లగా దిగాలి. తొందరపడి మూత తీస్తే చల్లగాలి తగిలి పలకలు పగులుతాయి. మేం వెళ్ళేసరికి టీచరు తలుపు వేలెడు సందు తీసి పెట్టారు. లోపల్నుంచి టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. గ్లేజు, కింది మట్టి ఒకే లెక్కన ముడుచుకోకపోతే పైపొరలో వెంట్రుకవాసి చీలికలు పడతాయట, ఆ చప్పుడు దానిది. ఎవరి పలకదో అని అందరం చెవులు రిక్కించాం.

నా నాలుగూ బయటికొచ్చాయి. బూడిదరంగు పోయి నీలం వచ్చేసింది, ఆ ఒక్క క్షణం కోసం ఎంతమంది ఎన్ని శతాబ్దాలుగా బట్టీ ముందు నిలబడ్డారో అర్థమవుతుంది. పిట్ట మెడ కింద పలచన నీలం నేననుకున్నంత లేతగా, తడి ఆరనట్టు వచ్చింది. కొమ్మ గీత రెండు పలకల మధ్య ఎక్కడా తెగలేదు. తోక చివర ఒకచోట మాత్రం గ్లేజు వెనక్కి ముడుచుకుని, గోరంత మేర మట్టి బయటపడింది. దుమ్ము రేణువో, నూనె చుక్కో కింద ఉంటే అలా అవుతుంది. మళ్ళీ వేయమంటారా అంటే టీచరు అక్కర్లేదన్నారు. "మ్యూజియంలో మీ పిట్ట అసలుది ఉంది చూడండి, దానికి ఇంతకన్నా పెద్ద బెజ్జం ఉంది." తర్వాత వెళ్ళి చూస్తే నిజమే.

తిరుగు ప్రయాణంలో వాటిని సూట్‌కేసులో వేయలేదు. ఒక్కోదాన్ని తువ్వాలులో చుట్టి, ఎదురెదురుగా మొహాలు తగలకుండా మధ్యలో అట్ట పెట్టి, చేతిసంచిలో తెచ్చాను. సెక్యూరిటీ స్కానర్ దగ్గర ఆపి విప్పించారు. అక్కడి అమ్మాయి పిట్టని చూసి నవ్వి, తనే మళ్ళీ చుట్టి ఇచ్చింది.

బందరులో ఇంటి వరండా గోడకి పెట్టించాలంటే మేస్త్రి మొదటి మాటే, "స్పేసర్లు ఎంతవి పెట్టమంటారండీ?" అన్నాడు. అసలు పెట్టొద్దన్నాను, పలకకి పలక ఆనాలి, లేకపోతే కొమ్మ తెగుతుంది, పాతకాలపు గోడలన్నీ అలాగే ఉంటాయి అని ఫోన్లో ఫొటోలు చూపించాను. "సందు లేకపోతే ఎండకి లేచిపోతాయండి, తర్వాత నన్ననొద్దు" అన్నాడు. నాలుగంటే నాలుగు పలకలు, నీడ గోడ, ఎక్కడ లేస్తాయి అన్నాను. కాసేపు నడిచాక ఒప్పందం కుదిరింది. లోపలి గీతల దగ్గర నా మాట, ఒకదానికొకటి ఆనించాడు. చుట్టూ అంచుకి ఆయన మాట, సందు వదిలి ఎపాక్సీ గ్రౌట్ నింపాడు. బందరు ఉప్పుగాలికి అదే నయమట. ఉప్పు సంగతి లిస్బన్ గోడల మీద చూసొచ్చినదాన్ని, దానికి నేను ఎదురు చెప్పలేదు.